బడి ముందా... బస్సు ముందా?

మార్లవాయి ఎక్కడుందో చెప్పమంటే ఉమ్మడి ఆదిలాబాద్ జిల్లాలో పుట్టి పెరిగినవాళ్లు కూడా ఒక్క క్షణం ఆలోచిస్తారు. జైనూరు మండలంలో గోండుల ఊరది. 2016లో జిల్లాలు విడిపోయాక కుమురం భీం ఆసిఫాబాద్ జిల్లాలోకి వెళ్లింది. ఆ ఊళ్లో పక్కపక్కనే రెండు సమాధులున్నాయి. ఒకటి బెట్టీ ఎలిజబెత్‌ది. రెండోది ఆమె భర్త క్రిస్టొఫ్ వాన్ ఫ్యూరర్ హైమన్‌డార్ఫ్‌ది. బెట్టీ 1987లో హైదరాబాద్‌లో కన్నుమూస్తే తీసుకొచ్చి ఇక్కడ పూడ్చారు. ఆయన 1995లో లండన్‌లో పోయారు. ఆయన అస్థికలు మాత్రం 2012లో మార్లవాయి చేరాయి. భార్య పక్కనే చోటిచ్చారు ఊరివాళ్లు. ఏటా జనవరి 11న ఆ దంపతుల వర్ధంతి చేస్తారు.

వియన్నాలో పుట్టి, లండన్ విశ్వవిద్యాలయంలో ప్రొఫెసర్‌గా పాతికేళ్లు పనిచేసిన పెద్దమనిషికి మన జైనూరు గుట్టల్లో ఏం పని? ఆ కథ చాలామందికి తెలిసిందే. అయినా ఈ వారం చెప్పబోయే సంగతికి మొదలు అక్కడే ఉంది కాబట్టి క్లుప్తంగా...

1939లో రెండో ప్రపంచయుద్ధం మొదలయ్యేనాటికి హైమన్‌డార్ఫ్ హైదరాబాద్ రాజ్యంలో ఉన్నాడు. అప్పటికే ఆస్ట్రియాను హిట్లర్ మింగేశాడు. దాంతో ఈయన చేతిలో ఉన్నది జర్మన్ పాస్‌పోర్టు! బ్రిటిష్‌వారి లెక్కలో శత్రుదేశస్థుడు. నిజాం రాజ్యం దాటి వెళ్లొద్దన్నారు. సరే, ఊరికే కూర్చునే రకం కాదుగా... నల్లమలలో చెంచులను, గోదావరి ఒడ్డున కొండరెడ్లను చూసి, చివరికి ఆదిలాబాద్ గోండుల దగ్గరికొచ్చాడు. అప్పుడే 1940లో జోడేఘాట్‌లో కుమురం భీంను కాల్చి చంపారు. గిరిజనం ఎందుకు తిరగబడ్డారో తెలుసుకొని చెప్పమని నిజాం సర్కారు ఈయన్నే అడిగింది. మార్లవాయిలో గుడిసె వేసుకొని మకాం పెట్టాడు.

అదంతా ఒక ఎత్తు. 1943లో చేసిన పని ఇంకో ఎత్తు. ఆ ఏడాది మార్లవాయిలో ఉపాధ్యాయుల శిక్షణ కేంద్రం పెట్టించాడు. పట్నం నుంచి పంతుళ్లను తేలేదు. నాలుగక్షరాలొచ్చిన గోండు యువకులనే వెతికి పట్టుకొని, వాళ్లకు తర్ఫీదు ఇప్పించి, గోండి మాటలతోనే వాచకాలు రాయించాడు. చుట్టుపక్కల గూడేల్లో బడులు తెరిచినవాళ్లు, పట్టాల కాగితాలు చదివి చెప్పినవాళ్లు, అటవీ సిబ్బంది ముందు నిలబడి మాట్లాడినవాళ్లు ఆ బడి నుంచి వచ్చారు. విశ్వవిద్యాలయం ఊరికి రావడమంటే ఏమిటో మన ఉత్తర తెలంగాణ ఎనభై ఏళ్ల కిందటే చూసిందన్నమాట.

సంచి నిండా ప్రశ్నలు

ఏటా సెప్టెంబరు 27న ప్రపంచ పర్యాటక దినోత్సవం వస్తుంది. ఆ వారమంతా సదస్సులే సదస్సులు. ‘సుస్థిర పర్యాటకం’ అనే మాట కనీసం పదిసార్లు వినిపిస్తుంది. ఐక్యరాజ్యసమితి 2002ను పర్యావరణ పర్యాటక సంవత్సరమంది. 2017ను సుస్థిర పర్యాటక సంవత్సరమంది. విదేశీ విశ్వవిద్యాలయాలు ఇక్కడి కాలేజీలతో చేతులు కలుపుతామంటాయి. చేతివృత్తులవాళ్లు, ఇంట్లో గదులు అద్దెకిచ్చేవాళ్లు, చిన్న హోటళ్లవాళ్లు వీళ్ల చదువుల్లో భాగస్వాములు కావాలంటాయి. మంచి మాటే. ఇంతకీ ఆ మాటకు అర్థమేమిటి? తేలిగ్గా చెప్పుకుందాం. చూడ్డానికి వచ్చినవాడు వెళ్లిపోయాక కూడా ఊరు ఊరులా ఉండాలి. వాడు ఖర్చుపెట్టిన డబ్బులో కొంతైనా ఊళ్లో మిగలాలి. అంతే!

ఆ లెక్కన కుంటాల జలపాతం దగ్గర ఒక ఆదివారం చూడండి. నేరడిగొండ దగ్గర కడెం వాగు నూట యాభై అడుగుల ఎత్తు నుంచి దూకే చోటది. వానాకాలంలో జనం పోటెత్తుతారు. కారు హైదరాబాద్‌ది. డీజిల్ అక్కడే కొట్టించారు. బిర్యానీ హైవే మీద కట్టించుకున్నారు. నీళ్ల సీసాలు డిక్కీలో ఉన్నాయి. ఫొటోలు ఫోన్లోకి వెళ్లాయి. సాయంత్రానికి ఊరికి మిగిలిందేమిటంటే ఖాళీ సీసాలు, ప్లాస్టిక్ ప్లేట్లు. ఏదైనా ఏడాది ఈత రాని కుర్రాడెవరో సుడిలో చిక్కుకుంటే వెతకడానికి దిగాల్సింది మాత్రం ఊరివాళ్లే. డబ్బు ఇలా వచ్చినట్టే వచ్చి అలా జారిపోవడాన్ని పర్యాటక శాస్త్రం చదివినవాళ్లు ‘లీకేజీ’ అంటారు. చిల్లికుండ అంటే మనకింకా బాగా అర్థమవుతుంది.

ఈ చిల్లి పూడ్చడం నేర్పే చదువు ఎక్కడైనా ఉందా? ఉంది. చిత్రమేమిటంటే దాన్ని వెతుక్కుంటూ పోతే మళ్లీ హైమన్‌డార్ఫే ఎదురవుతాడు.

ఎవరెస్టు కింద ఒక బడి

ఆదిలాబాద్ వదిలి 1949లో లండన్ వెళ్లిన ఆయన, 1953లో నేపాల్‌లోని ఖుంబూ లోయకు చేరాడు. టెన్సింగ్, హిల్లరీ ఎవరెస్టు ఎక్కిన ఏడాదే అది. అక్కడి షెర్పాలు అప్పుడు ఆలుగడ్డలు పండించుకుంటూ, జడలబర్రెలు మేపుకుంటూ, టిబెట్‌తో ఉప్పు, ధాన్యం వ్యాపారం చేసుకుంటూ బతికేవాళ్లు. వాళ్ల మీద 1964లో ఒక పుస్తకం రాశాడు. ఇరవై ఏళ్ల తర్వాత 1984లో మరోటి రాశాడు. రెండో పుస్తకం పేరులోనే షెర్పాలు మారిపోయారన్న మాట ఉంటుంది. 1959 తర్వాత టిబెట్ దారి మూసుకుపోయి పాత వ్యాపారం చచ్చింది. 1964లో లుక్లా దగ్గర విమానాలు దిగడానికి చదును చేశారు. అదే ఏడాది నేపాల్‌లో మొదటి ట్రెకింగ్ కంపెనీ పుట్టింది. ఇక పర్యాటకులే పర్యాటకులు. వయసులో ఉన్న మగవాళ్లు నెలల తరబడి బరువులు మోయడానికి పోతే ఇళ్ల దగ్గర ఏం జరిగింది, పండగలేమయ్యాయి, అడవిలో కట్టెలేమయ్యాయి అన్నది ఆ పుస్తకం సారం. ఆయనకు బెంగే ఎక్కువ, సంతోషం తక్కువ.

కానీ కథ అక్కడ ఆగలేదు. లుక్లాలో విమానం దిగడానికి మూడేళ్ల ముందు, అంటే 1961లో, ఖుమ్‌జుంగ్ అనే ఊళ్లో ఎడ్మండ్ హిల్లరీ ఒక చిన్న బడి కట్టించాడు. మాకు కళ్లున్నాయి కానీ చూపు లేదు, పిల్లలకు బడి కావాలని షెర్పాలే ఆయన్ని అడిగారని చెబుతారు. బడి ముందొచ్చింది. బస్సు, అదే విమానమనుకోండి, తర్వాతొచ్చింది. తేడా అంతా అక్కడే ఉందని నాకనిపిస్తుంది.

ఆ బడిలో చదువుకున్నవాళ్లలో మింగ్మా నోర్బు షెర్పా ఒకడు. 1976లో ఖుంబూను సాగర్‌మాతా జాతీయ పార్కుగా ప్రకటించారు. అడవి మీద హక్కు పోతుందని ఊళ్లు భయపడ్డాయి. పార్కు పనిలో నేపాల్‌కు సాయపడిన న్యూజిలాండ్, స్థానిక కుర్రాళ్లను తమ లింకన్ కాలేజీకి తీసుకెళ్లి చదివించింది. మింగ్మా అక్కడ చదివొచ్చి, ఆ పార్కుకు వార్డెన్ అయిన మొదటి షెర్పాగా పేరు తెచ్చుకున్నాడు. తర్వాత కెనడాలోని మానిటోబా విశ్వవిద్యాలయంలోనూ చదివాడు. తిరిగొచ్చి చేసిన పనేమిటో తెలుసా? పూర్వం షెర్పా గ్రామాల్లో అడవికి కాపలా కాసే పెద్దలుండేవారు. ‘షింగీ నవా’ అనేవారు వాళ్లను. ఆ పాత పద్ధతిని మళ్లీ నిలబెట్టాడు! విదేశీ డిగ్రీతో వచ్చి, తాతల కట్టుబాటును పార్కు పాలనలోకి ఎక్కించాడు.

1986లో మొదలైన అన్నపూర్ణ సంరక్షణ ప్రాజెక్టు రూపకల్పనలోనూ ఆయన చెయ్యి ఉంది. మన ప్రాంతానికి పనికొచ్చే పాఠం నా దృష్టిలో ఇదే. అక్కడ ఊళ్లను ఖాళీ చేయించలేదు. జనం తమ ఊళ్లలోనే ఉన్నారు. పర్యాటకుడు కట్టే ప్రవేశ రుసుము రాజధాని ఖజానాకు పోకుండా ఆ లోయల్లోనే ఖర్చయ్యేలా చట్టం చేయించుకున్నారు. టీకొట్టులాంటి చిన్న చిన్న లాడ్జీలు నడిపే ఇల్లాళ్లను, వాళ్ల మొగుళ్లను కూర్చోబెట్టి పాఠాలు చెప్పారు. వంటిల్లు ఎలా శుభ్రంగా ఉంచాలి, మరుగుదొడ్డి నీళ్ల ఊటకు ఎంత దూరంలో ఉండాలి, తక్కువ కట్టెలతో నీళ్లెలా కాగబెట్టాలి... ఇవీ ఆ పాఠాలు. లాడ్జీలవాళ్లు కమిటీలు పెట్టుకొని భోజనం ధరలు ఒక్కటిగా నిర్ణయించుకున్నారు. ఒకరితో ఒకరు పోటీపడి రేట్లు తగ్గించుకొని అందరూ మునిగే బెడద తప్పింది. ఇందులో అర్థం కాని సిద్ధాంతం ఒక్కటైనా ఉందా చెప్పండి?

తీగ, చెక్క, మైనం

ఇక మన దగ్గరికొద్దాం. ఉమ్మడి కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాల్లో పర్యాటకం పేరు చెప్పుకొని బతకదగిన చిన్న వ్యాపారాలు లేవా? దండిగా ఉన్నాయి. వాటికి లేనిది వేరే.

కరీంనగర్ వెండి ఫిలిగ్రీనే తీసుకోండి. ఎలగందుల కోట నీడలో పెరిగిన పనితనం ఇది. 1905లో జిల్లా కేంద్రం ఎలగందుల నుంచి కరీంనగర్‌కు మారింది. పనివాళ్లూ మెల్లగా కోట వదిలి పట్నం దారి పట్టారు. వెండిని సన్నటి తీగగా లాగుతారు. రెండు తీగలు మెలిపెట్టి, అదిమి, చట్రంలో పూలుగా, లతలుగా వంచి వెలిగారంతో అతికిస్తారు. పాన్‌దాన్, అత్తరుదాన్, నెమలి... ఏదైనా తీగతోనే. ఊపిరి గట్టిగా వదిలితే ముక్క ఎగిరిపోయేంత సన్నని పని. ‘సిఫ్కా’ పేరుతో సంఘముంది. భౌగోళిక గుర్తింపూ ఉంది. కానీ వెండి కిలో లక్ష దాటిన ఈ కాలంలో ముడిసరుకు కొనడానికే సగం బలం పోతుంది. కొనేవాడు తూకం వేసి వెండి ధర లెక్కగడతాడు. కళ్లకు ఎన్ని గంటలు పట్టిందో ఏ తక్కెడ తూస్తుంది?

నిర్మల్‌ది మరో తీరు. పొనికి చెక్క తేలిగ్గా, మెత్తగా ఉంటుంది. దాన్ని చెక్కి, చింతగింజల జిగురులో రంపపు పొట్టు కలిపి అతుకులు పూడ్చి, రంగులు వేస్తారు. పళ్ల బుట్టలో జామపండును చూసి చెయ్యి చాపని పిల్లాడుండడు. 1955లోనే ఇక్కడ సహకార సంఘం పెట్టుకున్నారు. ఒకప్పుడు హైదరాబాద్ నుంచి నాగ్‌పూర్ పోయే ప్రతి బండీ నిర్మల్ ఊళ్లోంచే పోయేది. ఆగినవాళ్లు బొమ్మ కొనేవాళ్లు. బైపాస్ పడింది. ఇప్పుడు కారు గంటకు వంద కిలోమీటర్ల వేగంతో ఊరి పక్కనుంచి దూసుకుపోతుంది. రోడ్డు మంచిదే... బొమ్మకే దారి తప్పింది. పొనికి చెట్టు మాత్రం మన తొందర కోసం పెరగదు కదా. చెక్క కోసం అడవిశాఖ వైపు చూడాలి, అమ్మకం కోసం సర్కారు షోరూముల వైపు చూడాలి.

ఉషేగాం, కెస్లాగూడ వైపు వెళితే ఓజ కళాకారులు కనిపిస్తారు. మట్టి అచ్చు మీద మైనం తీగలు చుట్టి, మళ్లీ మట్టి పూసి, కాల్చి, మైనం కరిగిన ఖాళీలో ఇత్తడి పోస్తారు. బొమ్మ బయటికి రావాలంటే అచ్చు పగలగొట్టాల్సిందే. అందుకే ఒకదానిలాంటిది ఇంకోటి పుట్టదు. అదే డోక్రా. 2018లో ‘ఆదిలాబాద్ డోక్రా’కు భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఓజలు పూర్వం నుంచీ గోండుల దేవుళ్లకు, పెళ్లిళ్లకు కావలసినవి చేసిచ్చేవారు. అంటే పర్యాటకుడు లేనప్పుడూ వాళ్లకు గిరాకీ ఉంది. ఆ పాత గిరాకీ తగ్గి, కొత్త గిరాకీ హైదరాబాద్ డ్రాయింగ్ రూముల నుంచి రావాల్సి వస్తోంది. ఆ డ్రాయింగ్ రూముకు ఏం కావాలో ఉషేగాంలో కూర్చున్నవాడికి ఎవరు చెబుతారు? మధ్యలో ఉన్న వ్యాపారి చెబుతాడు. ధర కూడా అతనే చెబుతాడు!

విశ్వవిద్యాలయాలు చేయాల్సిన పని ఇక్కడుంది. కరీంనగర్‌లో శాతవాహన విశ్వవిద్యాలయం, బాసరలో ట్రిపుల్ ఐటీ రెండూ 2008లోనే వచ్చాయి. పర్యాటకం, ఆతిథ్యం నేర్పే నిథమ్ హైదరాబాద్‌లో ఉంది. వీటితో ఏ విదేశీ విశ్వవిద్యాలయం చేయి కలిపినా అడగాల్సిన మొదటి ప్రశ్న ఒక్కటే అని నా అభిప్రాయం. బెంచీ మీద కూర్చునేది ఎవరు? ఇరవై ఏళ్ల విద్యార్థి నోటు పుస్తకం పట్టుకొని ఓజ ఇంటికి వెళ్లి, యాభై ప్రశ్నలు అడిగి, ఫొటోలు తీసుకొని, థీసిస్ రాసుకుని, దాన్ని విదేశీ లైబ్రరీలో పెడితే చదువుకున్నది విద్యార్థి. పాఠం చెప్పింది ఓజ. ఫీజు మాత్రం విశ్వవిద్యాలయానికి! ఆ ఓజకు బొమ్మకు పట్టిన రోజులను కూలీగా లెక్కగట్టి ధర వేయడం, ఆర్డరు కాగితం చదవడం, సరుకు పగలకుండా కట్టి పంపడం, ఫోన్లోనే డబ్బు తీసుకోవడం నేర్పితేనే దాన్ని కలిసి పనిచేయడం అనొచ్చు. ఆ పాఠం వాళ్లింటి భాషలో ఉండాలని వేరే చెప్పాలా? మార్లవాయి బడి 1943లోనే చెప్పింది.

మన దగ్గర కొంత ప్రయత్నం జరగలేదని కాదు. కేంద్ర పర్యాటక శాఖ, ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమం కలిసి 2000 తర్వాత తొలి దశాబ్దంలో దేశంలో 36 పల్లెల్లో గ్రామీణ పర్యాటకం మొదలుపెట్టాయి. తెలుగునాట పోచంపల్లి, శ్రీకాళహస్తి అందులో ఉన్నాయి. 2021లో పోచంపల్లిని ప్రపంచ పర్యాటక సంస్థ ఉత్తమ పర్యాటక గ్రామాల్లో ఒకటిగా ఎంపిక చేసింది. అయితే పోచంపల్లి హైదరాబాద్‌కు గంట ప్రయాణం. ఉషేగాం అలా కాదు. పొద్దున వెళ్లి రాత్రికి తిరిగిరాలేం. రాత్రి అక్కడే ఉండాలి, తినాలి, పడుకోవాలి. ఇబ్బందే... కానీ ఊరికి నాలుగు డబ్బులు మిగిలేదీ అలా ఉంటేనే.

గుస్సాడీకి టికెట్ ఉందా?

ఇక్కడే ఒక చిక్కు. అమ్మదగినవి వేరు, అమ్మకూడనివి వేరు. దీపావళి ముందు గోండు గూడేల్లో దండారీ మొదలవుతుంది. నెమలి ఈకల కిరీటాలు, ఒంటి మీద బూడిద, భుజాన మేకతోలు, చేతిలో కర్ర... గుస్సాడీ వేషం కట్టినవాడు ఆ రోజుల్లో స్నానం చెయ్యడు. అది దీక్ష. చూసేవాడికి నాట్యంలా ఉంటుంది, ఆడేవాడికి మొక్కు. ఇదే మార్లవాయికి చెందిన కనకరాజు ఆ నాట్యాన్ని ఢిల్లీ గణతంత్ర వేడుకల దాకా తీసుకెళ్లారు. 2021లో పద్మశ్రీ అందుకున్నారు. 2024 అక్టోబరులో కన్నుమూశారు. ఆయన శిష్యులు వేదికల మీదా ఆడతారు, గూడెంలోనూ ఆడతారు. ఎక్కడ ఏది ఆడాలో వాళ్లకు తెలుసు. రిసార్టులో రాత్రి భోజనానికి ముందు అరగంట గుస్సాడీ పెట్టండి అనేవాళ్లకు తెలియదు. ఏది చూపించాలి, ఏది దాచుకోవాలి అని తేల్చే హక్కు ఎవరిదన్నది ఏ సిలబస్‌లో ఉంది?

కెస్లాపూర్ నాగోబా జాతర చూడండి. మెస్రం వంశస్థులు కాలినడకన గోదావరికి వెళ్లి నీళ్లు తెస్తారు. కుండలు సిరికొండ కుమ్మరుల దగ్గరే చేయించుకుంటారు. ఏళ్లుగా అదే ఇల్లు, అదే వరస. పుష్య అమావాస్యకు లక్షలాదిమంది వస్తారు. 1940ల్లో హైమన్‌డార్ఫ్ చొరవతో మొదలైన దర్బారు ఇప్పటికీ నడుస్తోంది. కొత్త గుడిని మెస్రం వాళ్లు తమ చందాలతోనే కట్టుకున్నారు. 2022 డిసెంబరులో ప్రారంభించుకున్నారు. పర్యాటక శాఖ బోర్డు పెట్టకముందే వేల ఏర్పాట్లు తామే చేసుకునే జనం వీళ్లు. వీళ్లకు ‘నిర్వహణ’ నేర్పుతామని వచ్చేవాళ్లు ముందు జాతరలో నాలుగు రోజులు నీళ్లు మోస్తే మంచిది.

అడవి సంగతి మరీ సున్నితం. కవ్వాల్ 2012లో పులుల అభయారణ్యమైంది. లోపలి ఊళ్లు మైసంపేట, రాంపూర్ వాసులను 2024లో బయటికి తరలించారు. 2025 మే చివర్లో కుమురం భీం పేరుతోనే ఒక సంరక్షణ అడవిని ప్రకటిస్తూ జీవో 49 వచ్చింది. గూడేలు భగ్గుమన్నాయి. జులైలో దాన్ని పక్కన పెట్టారు. పులి ఉండాలి, ఎవరూ కాదనరు. కానీ సఫారీ జీపు తిరిగే దారిలో గోండు కుటుంబం ఉండకూడదంటే జీపు టికెట్టులో వాళ్ల వాటా ఎంతో చెప్పాలి కదా. గైడు ఉద్యోగం, జీపు యజమాని హోదా రెండూ ఒకటి కాదు. అన్నపూర్ణ లోయవాళ్లు ఈ తేడా పట్టుకున్నారు.

ఫొటో వెనక్కి వస్తే...

హైమన్‌డార్ఫ్ తీసిన వేలాది ఫొటోలు, ఫిల్ములు లండన్‌లో ఆయన పనిచేసిన ‘సోయాస్’ దగ్గర భద్రంగా ఉన్నాయి. ఆయన శిష్యుడు, కేంబ్రిడ్జి ప్రొఫెసర్ అలాన్ మెక్‌ఫర్లేన్ కొన్ని ఫిల్ములను ఇంటర్నెట్‌లో పెట్టించారు. ఇప్పుడు జైనూరులో స్మార్ట్‌ఫోన్ ఉన్న మనవడు 1940ల నాటి తాతల ఊరును చూసుకోవచ్చు. ఊరి సొత్తు ఊరికి చేరడమంటే ఇలా ఉండాలి.

గుంజాల ఇంకా మంచి ఉదాహరణ. నార్నూరు మండలంలోని ఆ ఊళ్లో గోండి లిపిలో రాసుకున్న పాత పుస్తకాలు బయటపడ్డాయి. జయధీర్ తిరుమలరావు, హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయం వాళ్లు ఊరి పెద్దలతో కూర్చొని అక్షరాలు పోల్చుకున్నారు. ఆ లిపి చదవడం వచ్చిన వృద్ధులు అప్పటికి కొద్దిమందే మిగిలారు. అక్షరమాల ముద్రించారు, పిల్లలకు నేర్పడం మొదలుపెట్టారు. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం బర్క్‌లీలో లిపుల మీద పనిచేసే అన్షుమన్ పాండే దీన్ని కంప్యూటర్లలో చేర్చాలని ప్రతిపాదన రాశారు. 2018లో యూనికోడ్ పదకొండో సంచికలో ‘గుంజాల గోండి’ చేరింది. ఊరు, హైదరాబాద్, అమెరికా మూడూ కలిసి పనిచేశాయి. చివరికి ఊరి పేరే లిపికి నిలిచింది.

రేపు గుంజాలలో ఎవరైనా నాలుగు గదులు కట్టి పర్యాటకులను పిలిస్తే, బోర్డు మీద ఊరి పేరు ఏ లిపిలో రాయాలో వాళ్లు ఎవర్నీ అడగక్కర్లేదు.

ఈ దీపావళికి అటు వెళ్లే ఆలోచన ఉన్నవాళ్లకు రెండు మాటలు. నిర్మల్ దాటేటప్పుడు బైపాస్ వదిలి ఊళ్లోకి తిరగండి, బొమ్మ సంఘం దగ్గరే కొనండి. దండారీ జరిగే గూడెంలో అడుగుపెట్టగానే ముందు పటేల్ ఇంటికి వెళ్లి చెప్పండి. ఫోన్ జేబులోంచి తీసేది ఆయన సరే అన్నాకే.